గురప్ప పంచిన గంటలు

ఎర్రబోడు గుట్టకు ఆ ఏడు వేసవి తొందరపడి వచ్చింది. వాగు ఎండి, ఇసుకలో ఒక్క చెలమ మిగిలింది. గుట్టమీది ప్రాణులన్నీ నీళ్ళకు అక్కడికే రావాలి. ఓబులమ్మ అనే కుందేలు మాత్రం అందరూ తాగి వెళ్ళాక వచ్చేది. దానికి అనుమానం జాస్తి. ఆకు కదిలినా ఎందుకు కదిలిందని ఆలోచించే రకం. ఆ రోజుల్లో ఆ అనుమానం మరీ ముదిరింది. పిల్లల్ని ఈని, కలివి పొదల్లో దాచింది మరి.

కుందేలు పిల్లల్ని సాకే తీరు చిత్రంగా ఉంటుంది. చూడనివాళ్ళు, ఇదేం తల్లిరా, పిల్లల్ని వదిలేసి తిరుగుతోంది అనుకుంటారు. దగ్గరే కూర్చుంటే తన వాసన పట్టుకుని ఎవడైనా వస్తాడని దాని భయం. పొద్దు వాలే వేళ ఒక్కసారి పోయి పాలిస్తుంది. అదీ తిన్నగా పోదు. కొంతదూరం నడిచి, నడిచిన అడుగుల్లోనే వెనక్కి వచ్చి, పక్కకు ఒక్క దూకు దూకుతుంది. జాడ అక్కడితో తెగుతుంది. మనం ఇంటికి తాళం వేసుకుంటాం. ఇల్లే లేనిది ఇంకేం వేసుకుంటుంది?

ఒక పొద్దున నక్క గురప్ప గోనెసంచి ఒకటి కరుచుకుని చెలమ దగ్గరికి వచ్చాడు. సంచి నిండా మేకల మెడగంటలు. పాడుబడిన దొడ్డిలో దొరికాయట. నక్కకు ఏదైనా దొరికిందంటే ఎవరో పోగొట్టుకున్నారనే లెక్క. అది అట్లా ఉంచుదాం.

"తలా ఒకటి తీసుకోండి. ఊరికే ఇస్తున్నా, బలవంతమేం లేదు," అన్నాడు.

"వీటిని ఏం చేసుకోవాలన్నా?" అంది కౌజుపిట్ట సుంకులమ్మ.

"మెడకు కట్టుకో తల్లీ. చిరుత వచ్చినా, కొండచిలువ పట్టినా, నీ గంట ఏ దిక్కున మోగిందో విని పరిగెత్తుకొస్తా. గొర్రెల కాపరి నీడన నిశ్చింతగా ఎట్లా పడుకుంటాడనుకున్నావు? గంటలు వింటూనే."

"ఆ కాపరి చివరికి గొర్రెల్ని ఏం చేస్తాడన్నా?" అని బండ వెనక నుంచి ఓబులమ్మ అడిగింది.

కొందరు నవ్వారు. గురప్ప కూడా నవ్వాడు. అందరూ ఆపాక ఇంకాస్త నవ్వాడు.

"ఓబులమ్మ వదినా, భయం దొంగకుండాలి గానీ నీకెందుకమ్మా?"

"మంచిమాట," అన్నాడు ముళ్ళపంది తాత. "నాకు దాచుకునేదేముంది? నాకూ ఒకటి కట్టు."

"నీకెందుకు తాతా? నువ్వు నడిస్తేనే గలగలమంటావు," అన్నాడు గురప్ప.

"నీ ఒంటినిండా ముళ్ళున్నాయి తాతా," అంది ఓబులమ్మ. "నీకు దాగే పనేముంది? మాకు దాగడమే ముల్లు."

"ఈ పిల్లకు చెవులకంటే నోరు పొడుగు," అని తాత నీళ్ళకు వంగాడు.

సుంకులమ్మ అక్కడికక్కడే ఈతనారతో గంట కట్టించుకుంది. రెండడుగులు వేసి, ఆ చప్పుడు తానే విని మురిసిపోయింది. చూసినవాళ్ళు చూసినట్టే కట్టించుకున్నారు. ఓబులమ్మ ఒక్కతే వద్దంది.

తర్వాత దాహానికి వస్తే చెలమకు అడ్డంగా గురప్ప పడుకుని ఉన్నాడు.

"గంట ఏదీ వదినా?"

"వద్దన్నాను గదా. బలవంతం లేదన్నావు."

"బలవంతం నేనెందుకు చేస్తా? కట్టుకోకపోవడం నీ ఇష్టం. అయితే గంట లేనివాళ్ళు నీళ్ళలో ఏం కలుపుతారోనని అందరూ భయపడుతున్నారు. వాళ్ళ మాట నేను కాదనలేను గదా."

అందరూ అంటే ఎవరో ఓబులమ్మకు తెలియలేదు. అడిగితే సుంకులమ్మ తాను అనలేదంది, ఉడుమూ తాను అనలేదంది. మర్నాటికి పాలు తగ్గాయి. పిల్లలు పొదుగు పీకుతుంటే రాయి పీకినట్టుంది. ఇక లాభం లేదని పోయి మెడ వంచింది. గంట కట్టుకుని నీళ్ళు తాగింది. పొదల వైపు పోయే ముందు గంటలో తడిమన్ను కూరింది.

మర్నాడు గురప్ప ముఖం ముఖానికి ఆనించి పలకరించాడు.

"నీ గంట మూగపోయిందేం వదినా? అయ్యో, మన్ను పడిందే! ఉండు, నేను కడుగుతా."

కడిగాడు. నాలుకతో నాకి మరీ శుభ్రం చేశాడు. ఆ తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు:

"అవునూ, ఈమధ్య సాయంత్రాలు కలివి పొదల వైపు తిరుగుతున్నావట?"

"లేతాకు బాగుంటుంది," అంది ఓబులమ్మ. పొదల వైపు పోతున్నట్టు గురప్పకు తాను ఎన్నడూ చెప్పలేదు. ఆ సాయంత్రం పిల్లల దగ్గరికి పోలేదు. మళ్ళీ మన్ను కూరితే గురప్ప కనిపెడతాడు, కూరకుండా పోతే గంట మోగుతుంది, పోకపోతే పిల్లలు ఎండిపోతాయి. పాలతో పొదుగు సలుపుతుంటే దూరంగా బండమీద కూర్చుని పొదల వైపు చూస్తూ ఉండిపోయింది.

తెల్లవారగానే సుంకులమ్మ ఏడుపు వినపడింది. గడ్డిలో దాని గూటి నిండా పగిలిన గుడ్ల పెంకులు.

"ఉడుము పని," అన్నాడు గురప్ప. అప్పటికే వచ్చి ఉన్నాడు. మూతి తుడుచుకుంటూ ఉన్నాడు.

అతను పోయాక ఓబులమ్మ మెల్లగా దగ్గరికి చేరింది.

"అక్కా, నీ గూడు ఎవరికైనా చూపించావా?"

"నా మొగుడిక్కూడా సరిగ్గా తెలియదే!" అని సుంకులమ్మ వెక్కింది. "రోజంతా తిరుగుతాను, పొదగడానికి మాత్రం వచ్చి కదలకుండా కూర్చుంటాను. అప్పుడు గంట కూడా మోగదు."

"ఎప్పుడూ ఒకే చోట ఆగిపోతుందన్నమాట."

సుంకులమ్మ ఏడుపు ఆపి ఓబులమ్మ ముఖంలోకి చూసింది.

ఓబులమ్మ నేరుగా ముళ్ళపంది తాత బొరియ ముందుకు పోయి నిలబడింది. "తాతా, నా మెడలో నార కొరుకు."

"గురప్ప నీళ్ళకు పోనివ్వడమ్మా."

"కౌజు గుడ్లు పోయాయి. రేపు నా పిల్లలు. నీకు దాచుకునేదేమీ లేదన్నావు గదా. ఉన్నవాళ్ళ మాట ఒక్కసారి విను."

తాత కాసేపు ముళ్ళు సర్దుకున్నాడు. "నేను ఆనాడు తొందరపడి మాట్లాడాను," అని ఇంకేదో గొణిగి, పటుక్కున కొరికేశాడు.

గుట్టకు అవతలి వాలులో, ఒక రైతు బీడుపొలంలో, ఎరువు కోసం గొర్రెల మందను ఆపారు. చుట్టూ ముళ్ళకంప దడి కట్టారు. పగలు కాపరులూ కుక్కలూ మందతో మేతకు పోతారు, దడి ఖాళీగా ఉంటుంది. ఓబులమ్మ ఈ సంగతి కనిపెట్టి ఉంది. అనుమానం ఉన్నవాళ్ళు చాలా సంగతులు కనిపెడతారు, అది వాళ్ళ సుఖమో కష్టమో చెప్పలేం.

పొద్దు గుట్ట దిగకముందే గంటను పంటితో పట్టుకుని, కావాలనే గణగణ మోగిస్తూ వాలు దిగింది. కంపలోకి దూరి, లోపలెక్కడో ఒక ముల్లుకు నార తగిలించింది. గాలి వీచినప్పుడల్లా గంట సన్నగా మోగుతోంది, ఒకే చోట. పిల్లలకు పాలిచ్చే తల్లి అటూ ఇటూ కదిలినట్టే ఉంది. తగిలించిన మరుక్షణం ఓబులమ్మ చప్పుడు లేకుండా కలివి పొదలకు పరుగెత్తింది.

చెలమ దగ్గర గురప్ప చెవులు రిక్కించాడు. "ఓహో, అక్కడ దాచావా వదినా," అనుకున్నాడు. దడి దగ్గరికి రాగానే ముక్కుకు కుక్కల వాసన గుప్పున కొట్టింది. మునుపటి గురప్ప అయితే అక్కడినుంచే మళ్ళేవాడు. గంటలు పంచిన నాటినుంచి ముక్కుతో వెతకడం మానేశాడు. "ఎంత తెలివి! నేను రానని ఇక్కడ దాచింది. కుక్కలు మేతకు పోయాయిలే," అని కంపలోకి పాకాడు.

గంట మోగింది. అటు తిరిగాడు. పిల్ల లేదు. మళ్ళీ మోగింది. ఇంకాస్త లోపలికి పోయాడు. గంట అబద్ధం చెప్పదని నమ్మకం. ఆ నమ్మకంతో వెతుకుతూ ఉండగానే దుమ్ము రేగింది, మంద ఇంటికి వచ్చింది, కుక్కలు ముందే వచ్చాయి.

కంపలోంచి వెనక్కి రావడం ఎంత కష్టమో గురప్పకు అప్పుడు తెలిసింది. సగం తోకా, బోలెడు బొచ్చూ అక్కడే వదిలి, కుంటుతూ తన బొరియకు పరుగెత్తాడు. నెత్తురు చుక్కలు పట్టుకుని కుక్కలు అక్కడికే వచ్చాయి. అవతలి బండల్లో దాక్కుంటే అక్కడికీ వచ్చాయి. గుట్టమీద అందరి ఉనికీ కనిపెట్టినవాడికి తన జాడ తెంచుకోవడం చేతకాలేదు. నేర్చుకునే అవసరం అంతవరకూ రాలేదు. వాగు దాటి, ఆ పైన ఎక్కడికో పోయాడు, మళ్ళీ ఎర్రబోడులో కనపడలేదు.

నీతి: నీ మేలు కోసమే నీ జాడ అడిగేవాడికి, అది తనకెందుకో తేలేదాకా చెప్పవద్దు.