తాయారమ్మ గోడకు మూడు పూతలు

అనగనగా ఒక ఒంట్లో ఒక ఊరుండేది. ఆ ఒళ్ళు మాణిక్యం అనే పదేళ్ళ పిల్లది. ఊరేమో ఆ పిల్ల ఊపిరితిత్తుల్లో ఉంది. కుడిపక్క మూడు పేటలు, ఎడమపక్క రెండే. ఎడమవైపు గుండె కాస్త చోటు ఆక్రమించుకుంది మరి. ఇరుగుపొరుగన్నాక సర్దుకోవాలి.

ఆ ఊళ్ళో ముప్పై కోట్ల ఇళ్ళు. అన్నీ నీటిబుడగల్లా గుండ్రంగా, ద్రాక్షగుత్తుల్లా కలిసి ఉంటాయి. వాటి గోడలన్నీ విప్పి పరిస్తే నలభైమంది భోజనాల బంతి కూర్చునే పందిరంత అవుతుంది. ఎవరు పరిచి చూశారని అడక్కు, పుస్తకాల్లో అలా రాశారు. ఊరి అడుగున భీమన్న అని ఒకడుండేవాడు. కొలిమితిత్తి లాగినట్టు అతను కిందికి లాగితే ఇళ్ళలోకి గాలి వచ్చేది, వదిలితే పోయేది.

ఎడమపక్క కింది పేటలో, చివరింట్లో తాయారమ్మ ఉండేది. ఆమె గోడ అవతల ఒక సన్నటి సందు, ఒక్క మనిషి ఒదిగి నడిచేంత. ఆ సందులో ఎర్రచీరల ఆడవాళ్ళు తలమీద తట్టలతో ఒకరి వెనక ఒకరు వెళ్ళేవాళ్ళు. వాళ్ళలో రత్తమ్మ ఒకతె. కాళ్ళకీ చేతులకీ కొత్తగాలి మోసుకెళ్ళి, అక్కడ వాడగా తేలిన పాతగాలి వెనక్కి తేవడం ఆమె పని.

ఆ ఇళ్ళకి సందువైపు తలుపుల్లేవు. గోడే అంత పల్చన. ఉల్లిపొరని మళ్ళీ వంద పొరలుగా చీలిస్తే అందులో ఒకటి. ఇచ్చిపుచ్చుకోవడం ఆ గోడలోంచే. తాయారమ్మ "ఇస్తినమ్మ వాయనం" అనగానే కొత్తగాలి అటు వెళ్ళేది. రత్తమ్మ "పుచ్చుకుంటినమ్మ వాయనం" అంటూ పాతగాలి ఇటు వదిలేది. తూకం లేదు, బేరం లేదు. ఏ గాలి ఎటు తక్కువైతే అటు పోతుంది. రెండుసార్లు రెప్ప వేసేలోగా పని అయిపోయేది.

తాయారమ్మకి మడి ఎక్కువ. ఇవ్వమంటే సంతోషంగా ఇచ్చేది, పుచ్చుకోవడమే గిట్టదు. ఎవరి కాలివేళ్ళ సందున తిరిగొచ్చిందో, ఆ ఎంగిలిగాలి తన ఇంట్లోకి రావడమేమిటని ఒకరోజు తీరిగ్గా కూర్చుని బాధపడింది. అప్పుడు కాస్త కఫం తెచ్చి, గోడకి లోపలినుంచి ఒక పూత మెత్తింది.

రత్తమ్మ వచ్చి, ఇల్లు అలుకుతున్నావా వదినా, ఏం పండగ అని వేళాకోళమాడి, సగం తట్టతో వెళ్ళింది. ఆ రోజు మాణిక్యం బిందెడు నీళ్ళు తెచ్చి గుమ్మంలో రొప్పుతూ నిలబడింది. చద్దన్నం తినకపోతే అంతేనని వాళ్ళమ్మ కసిరింది.

పూత వేసినా పాతగాలి లోపలికి వస్తూనే ఉంది. దాని తీరే అంత. తడిలో ఇట్టే కరిగి, ఈదుకుంటూ వచ్చేస్తుంది. కొత్తగాలికి ఆ చురుకు లేదు, గోడ మందమైతే అక్కడే నిలిచిపోతుంది. తాయారమ్మకి ఈ సంగతి తెలియదు. అందుకని రెండోరోజు రెండో పూత వేసింది. మొదటి పూతనాడే ఆమెని చూసి వీధివాళ్ళు, వీధిని చూసి పేటవాళ్ళు మొదలుపెట్టారు. మడి అంతే, ఒకరు కట్టుకుంటే పక్కింటివాళ్ళకి తోచదు.

ఆ రోజు మాణిక్యం బడికి వెళుతూ దారిలో రెండుసార్లు కూలబడింది. రత్తమ్మ తట్టలో పావువంతు కూడా లేదు.

"పొగ రాకుండా ఎవరి పొయ్యిమీద అన్నం ఉడికింది వదినా? నేను తెచ్చేది ఆ పొగే."

"అయితే మీ ఇంట్లోనే ఉంచుకో" అంది తాయారమ్మ.

మూడోరోజు మూడో పూత. సాయంత్రం బడి ఆవరణలో ఆడపిల్లల చెడుగుడు. మాణిక్యం జట్టులో అందరూ ఔటై, తను ఒక్కతే మిగిలింది. కూత పెట్టి వెళ్ళింది. ఇద్దరిని తాకింది. వెనక్కి తిరిగేసరికి ఒక బలమైన పిల్ల మడమ పట్టుకుంది. గీత ఇంకా రెండు బారల దూరం. కూత ఆగితే ఆట పోయినట్టే.

అప్పుడు సందులోకి రత్తమ్మ వచ్చింది. చీర ఎరుపు దిగి నల్లబడింది. తట్ట ఖాళీ.

"కాళ్ళు అడుగుతున్నాయి వదినా. ఏం చెప్పను?"

భీమన్నకీ పొద్దుటినుంచి సరిగ్గా గాలి అందలేదని, అతని పట్టు జారితే ఇక ఏ ఇంటికీ ఏ గాలీ రాదని కూడా చెప్పింది.

తాయారమ్మ ఇల్లంతా చూసుకుంది. కొత్తగాలి ఇంకా ఉంది. ఇద్దామంటే గోడ దాటడం లేదు. ఎంగిలికని కట్టిన అడ్డు మంచిగాలిని పట్టుకుంది. ఆమె చీరకుచ్చెళ్ళు ఎగదోపి, గోళ్ళతో గోడ గీకడం మొదలుపెట్టింది. ఒక పూత ఊడింది, రెండో పూత ఊడింది, మూడోదీ ఊడింది. మెత్తడం చూసి నేర్చుకున్న పేటవాళ్ళు గీకడమూ చూసి నేర్చుకున్నారు.

"ఇటు వదిలెయ్ రత్తమ్మా, పుచ్చుకుంటాను" అంది.

పాతగాలి ఇటు వచ్చింది, కొత్తగాలి అటు వెళ్ళింది. రత్తమ్మ చీర ఎర్రబడింది. తట్ట నెత్తిన పెట్టుకుని కాళ్ళవైపు పరుగెత్తింది.

ఇంటినిండా పాతగాలి. తాయారమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చుంది. కిందనుంచి భీమన్న కొద్దికొద్దిగా పట్టు వదిలాడు. అప్పుడు ఆ గాలంతా ఇళ్ళలోంచి వీధుల్లోకి, వీధుల్లోంచి పైకి, గొంతుదాకా వెళ్ళింది. అక్కడ రెండు సన్నటి తీగలున్నాయి. వాటిని ఒరుసుకుంటూ బయటపడింది.

చెడుగుడు గుడుగుడు గుడుగుడు...

కూత తెగలేదు. మాణిక్యం ఆ పిల్లని ఈడ్చుకుంటూ వచ్చి, బోర్లా పడి, వేలికొనతో గీత అందుకుంది.

కొత్తగాలి కాళ్ళకి పోయింది. కూత మాత్రం తాయారమ్మ వద్దన్న గాలిదే. ఆమె ముక్కుమీది కొంగు తీసి, ఆ చప్పుడు చివరిదాకా విన్నది.

మాటలన్నీ అంతే అమ్మడూ. ఇప్పటిదాకా నేను చెప్పిందంతా అలా వాడిన గాలి పోతూ పోతూ పలికిందే.

పాత గాలి వాకిటికి,
కొత్త గాలి లోపలికి,
కథ వెళ్ళింది కంచికి,
కళ్ళు వెళ్ళాలి నిద్దట్లోకి.