మూలన చేరిన కుప్ప

మందు పనిచేసింది, కణాలు చచ్చిపోయాయి. ఇమ్మానుయేల్‌కి ఇదే మింగుడుపడలేదు.

వణుకుడు జబ్బు వచ్చినవాళ్ల మెదడు కణాల్లో ఒక ప్రోటీను వంకర తిరుగుతుంది. వంకరవన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్ద కడతాయి. ఆ ముద్దే కణాన్ని చంపుతోందని అతని గట్టి నమ్మకం. మూడేళ్లు తిండీ తిప్పలూ మాని, దాన్ని కరిగించే మందు తయారుచేశాడు. ముద్దలు మాయమయ్యాయి. కణాలు మాత్రం మునుపటికంటే తొందరగా చచ్చాయి. అవతల ఊళ్లో, అతన్ని పెంచిన మేనమామ అదే జబ్బుతో చొక్కా గుండీ కూడా పెట్టుకోలేకపోతున్నాడు. ఇక ఆగే ఓపిక ఎక్కడిది?

"మోతాదు రెట్టింపు చేస్తాను మేడం. ముద్దన్నది మిగలకూడదు. ఎలుకలకి ఇవ్వడానికి సంతకం పెట్టండి," అంటూ కాగితాన్ని బల్లమీద విసురుగా పెట్టాడు. ఆ విసురుకి పక్కనున్న గాజు జాడీ కిందపడి ముక్కముక్కలైంది.

ప్రొఫెసర్ పంకజాక్షి అతని వట్టి కాళ్ల వంక చూశారు. ఆవిడ ల్యాబులో ఎంతటివాళ్లయినా చెప్పులు గుమ్మం బయటే విడవాలి. ఆయా యాదమ్మ చీపురుతో పరుగెత్తుకొచ్చింది.

"ఎక్కడోళ్లు అక్కడ్నే ఉండున్రి. సన్న పెంకులు కండ్లకు ఆనవు."

బల్లల కింద దూరి, గోడల వెంబడి పాకి, గాజంతా ఓ మూలకు ఊడ్చింది. చీపురు అక్కడే పెట్టి చేట కోసం వెళ్లింది.

పంకజాక్షి లేచి ఆ చీపురు అందుకున్నారు. నాలుగు విసుర్లలో కుప్పనంతా గది నిండా చెదరగొట్టి, ఆ మూలనే ఉన్న స్టూలు మీద కూర్చున్నారు.

"అయ్యయ్యో, మేడం!"

"కుప్ప పోయింది కదా. ఇలా రా, సంతకం పెడతాను."

ఇమ్మానుయేల్ కాలెత్తాడు. కింద ఏమీ కనిపించడం లేదు. ఎత్తిన కాలు ఎక్కడ మోపాలో తెలియక కొంగలా నిలబడిపోయాడు.

చేటతో వచ్చిన యాదమ్మ లబోదిబోమంది. "ఎవరు చెడగొట్టిన్రు? ఒక్కొక్క పెంకు దేవులాడి మూలకు జేర్చిన. జెర్రసేపు ఆగితే ఎత్తి పారబోస్తుంటి గద!"

ఆ మాటకి అతను చప్పున మైక్రోస్కోపు వైపు తిరిగాడు. నేల మళ్లీ శుభ్రమయ్యేదాకా ఆగాడు. తర్వాత మెల్లగా వెళ్లి, మందు వెయ్యని కణాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి కళ్లు ఆనించాడు.

ఆవగింజలో వెయ్యో వంతు కూడా లేదు. చెయ్యి లేదు, చీపురు లేదు. లోపల ఓ పక్కగా ముద్ద, మిగతా చోటంతా తేటగా ఉంది. మూడేళ్లుగా రోజూ చూసిన కణమే. ఇవాళ దానికి దణ్ణం పెట్టాలనిపించింది.

సంతకం కోసం తెచ్చిన కాగితాన్ని చింపేశాడు.

"వంకరవాటిని ఇలా ఓ మూలకు చేర్చడం దీనికెవరు నేర్పారు మేడం?" అని అడిగాడు.

"ముప్పై ఏళ్లుగా దాన్నే అడుగుతున్నాను నాయనా," అన్నారావిడ. "చెప్పే తీరిక దానికి లేదు."