పైడిరాజు చెప్పిన లెక్క

కుస్తీ నేర్చుకునే తాలింఖానాకి పైడిరాజు ఆ పొద్దున చొక్కా వేసుకుని వచ్చాడు. ఏడాది కిందటైతే వీధి చివరనుంచే చొక్కా విప్పుకుని వచ్చేవాడు. ఒళ్లు నలుగురికీ కనపడొద్దూ మరి. టైఫాయిడ్ వచ్చి, తగ్గి, తిరగబెట్టి నాలుగు నెలలు మంచాన పడేశాక చూపించుకోడానికి పక్కటెముకలే మిగిలాయి.

తోటివాళ్లు ఒక్క మాట అనలేదు. ఇదివరకు రోజూ వీణ్ణి చూడగానే దున్నపోతు వచ్చిందనే అప్పలకొండ అయితే, లేచి కూర్చోడానికి చోటిచ్చాడు. పైడిరాజుకి తల కొట్టేసినట్టయింది.

స్తంభం చాటుకి పోయి బస్కీలు మొదలెట్టాడు. కూర్చోవడం, లేవడం. జబ్బుకి ముందు ఐదొందలు తీసేవాడు. ఇప్పుడు పన్నెండోదానికే తొడలు వణికి గోడ పట్టుకున్నాడు.

బస్కీలయ్యాక ఎన్ని తీశాడో వస్తాదుగారికి అందరూ వినేట్టు చెప్పి, ఆ తర్వాతే నీళ్లు ముట్టుకోవాలి. అది అక్కడి ఆచారం. పైడిరాజు నోరు పిడచగట్టుకుపోతోంది.

"రెండొందలు," అన్నాడు నేలకేసి చూస్తూ.

ఐదొందలంటే నమ్మరని తగ్గించే చెప్పాడు పాపం. రెండొందలు తీసేలోపు పొయ్యిమీద పప్పు ఉడికిపోతుంది. వీడు స్తంభం చాటుకి వెళ్లి వక్కపలుకు నమిలేంతసేపు కూడా కాలేదు. అయినా ఎవరూ నవ్వలేదు. అప్పలకొండ పైకప్పు పెంకులు చూస్తూ కూర్చున్నాడు.

సన్నాసినాయుడు వస్తాదుకి డెబ్బై రెండేళ్లు. మోకాళ్లు అరిగి, ఆరేళ్లుగా కుర్చీలోంచే నేర్పుతున్నాడు. ఆయన లేచి, కండువా తీసి కుర్చీమీద వేశాడు. పైడిరాజు పక్కకొచ్చి, వాడి భుజం పట్టుకుని కూర్చున్నాడు. లేచాడు. రెండోసారి లేస్తుంటే మోకాళ్ల చప్పుడు అందరికీ వినపడింది. మూడోసారి కూర్చున్నాక ఇంక లేవలేకపోతే, పైడిరాజే రెక్క పట్టి లేపాడు.

"రెండున్నర," అన్నాడు వస్తాదు, వీధిలోకి కూడా వినపడేట్టు. చెప్పి, కుండలో చెంబు ముంచుకుని గటగటా తాగాడు.

"నువ్వెంతన్నావురా? నాకు చెవులు కూడా అంతంతమాత్రమే."

చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. పైడిరాజు తలెత్తాడు.

"పన్నెండండీ."

వస్తాదు మళ్లీ చెంబు ముంచి వాడి చేతికిచ్చాడు.

"పన్నెండు మీద రేపు పదమూడు తీయొచ్చు. రెండొందల మీద ఏం తీస్తావురా?"