గోడకెక్కిన తమ్ముడు

గవరయ్య గురువుగారికి ఒక అలవాటుంది. అడిగిన ప్రశ్నకు అడిగిన రోజున జవాబు చెప్పరు. ఆ ఊళ్లో దుకాణాల పేర్లూ, బడి గోడల మీది సూక్తులూ, చివరకు 'ఇచ్చట సైకిళ్లు నిలపరాదు' అన్న హెచ్చరికా ఆయన కుంచె రాసినవే. పొద్దంతా గోడల మీద అక్షరాలు దిద్ది, గురువారం సాయంత్రం మాత్రం చేతులకంటిన రంగు కడుక్కుని తన ఇంటి అరుగు మీద కూర్చుంటారు. పది పన్నెండు మంది శిష్యులు చుట్టూ చేరతారు. జీవుడెవరు, దేవుడెవరు, నడుమ ఈ మాయేమిటి అని అడుగుతారు. ఆయన "ఊఁ" అంటారు. ఆ "ఊఁ" కోసం పక్క ఊళ్ల నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు కూడా ఉన్నారు.

ఆ వేసవిలో ఒక గురువారం బెల్లం వర్తకుడు లక్ష్మునాయుడు లేచి నిలబడి అడిగిన ప్రశ్న మాత్రం, ఆ అరుగు అంతవరకూ విననిది.

"గురువుగారండీ, ఇంటి గోడకి నీళ్ల రంగు మంచిదా, ఆయిల్ రంగు మంచిదా?"

అరుగంతా ముసిముసిగా నవ్వింది. రంగుల కొట్టు కామేశం మాత్రం, ఇన్నేళ్లకు తనకు జవాబు తెలిసిన ప్రశ్న వచ్చిందని సంబరపడిపోయాడు. "ఆయిల్ రంగయితే నిగనిగలాడిపోద్ది నాయుడూ. తడిగుడ్డతో తుడుచుకోవచ్చు, ఏళ్ల తరబడి ఉంటాది. కాకపోతే ఆరడానికి ఒక రోజు పడతాది, ఆ వాసనకి తలనొప్పి. నీళ్ల రంగు గంటలో ఆరిపోద్ది, వాసనుండదు, గోడకి ఊపిరాడతాది. కాకపోతే మన్నిక తక్కువ."

"అయితే ఏది మంచిదంటావు?"

"రెండూ మంచివే," అన్నాడు కామేశం. అతని కొట్లో రెండూ ఉన్నాయి మరి.

గురువుగారు లక్ష్మునాయుడి మొహంలోకి చూశారు. "గోడంతా వెయ్యడానికా, గోడ మీద రాయడానికా?"

లక్ష్మునాయుడు జేబులోంచి మడత కాగితం తీసి ఇచ్చాడు. అందులో ఇలా ఉంది: 'రామునాయుడు అనువాడు మాకు తమ్ముడు కాడు. మా గుమ్మం తొక్కరాదు. ఇట్లు, అన్న లక్ష్మునాయుడు.'

వాళ్లమ్మ పెద్దవాడికి లక్ష్మణుడి పేరూ, చిన్నవాడికి రాముడి పేరూ పెట్టిన నాడే ఎక్కడో లెక్క తప్పిందని ఊళ్లో గిట్టనివాళ్లు అంటూండేవారు. గిట్టేవాళ్లూ అనేవారు. అయినా యాభై ఏళ్లపాటు అన్నదమ్ములిద్దరూ ఒకే వీధిలో, ఒకరి పులుసు ఒకరింటికి పంపుకుంటూ బతికారు. వచ్చిన చిక్కల్లా లక్ష్మునాయుడి కూతురు హైమ పెళ్లితో వచ్చింది. బొబ్బిలి సంబంధం దాదాపు ఖాయమైంది. తాంబూలాలు నాలుగు రోజులుందనగా రామునాయుడు పనిగట్టుకుని బొబ్బిలి వెళ్లి, "మా పిల్లకి నోరు జాస్తి, ఎదురు చెప్తాది, మీరు పడలేరు" అని మగపెళ్లివారికి చెప్పి వచ్చాడు. వాళ్లు తప్పుకున్నారు. నడిబజార్లో నిలదీస్తే, "అవునన్నయ్యా, అన్నాను" అన్నాడే గాని ఇంకో ముక్క లేదు. తిట్టినన్ని తిట్లూ తలొంచుకుని తిని ఇంటికి పోయాడు. లక్ష్మునాయుడికి ఒళ్లు మండింది ఆ తలొంచుకోవడానికే.

గురువుగారు కాగితం రెండుసార్లు చదివారు. "నాయుడూ, చివర్న 'అన్న' అని ఉంది. ఉంచమంటావా, తీసెయ్యమంటావా?"

"ఉంచండి. లేకపోతే ఎవరు రాయించారో జనానికెలా తెలుస్తాది?"

"ఊఁ," అన్నారు గురువుగారు. "రేపు పొద్దున్నే వస్తాను."

"మా మనవలు కూడా చదవాలండి," అన్నాడు లక్ష్మునాయుడు. ఆ మాటతో ఏ రంగు కావాలో చెప్పినట్టే అయిందనుకున్నాడు. గురువుగారు దానికీ "ఊఁ" అన్నారు.

మర్నాడు ఎండెక్కకముందే వచ్చి, వీధి వైపు తెల్లగోడ మీద ఎర్రటి అక్షరాలు రాసి వెళ్లారు. మూరెడేసి ఎత్తు, ఒక్కోటీ పొంగిన పూరీలా గుండ్రంగా ఉంది. 'కాడు' దగ్గరికి వచ్చేసరికి కొమ్ము చివర చిన్న వంపు కూడా తిప్పారు. తన కోపం అంత అందంగా ఉంటుందని లక్ష్మునాయుడికే తెలియదు. గోడ చూసి భార్య అలిగి అన్నం పెట్టకపోయినా, కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుని, దారిన పోయేవాళ్లు చదువుతుంటే వింటూ పొద్దు గడిపాడు. రామునాయుడు చింతపండు బేరానికి రాయగడ వెళ్లాడు. నాలుగు గంటల బస్సుకు దిగుతాడు. అతనిల్లు వీధి చివర. ఈ గోడ దాటకుండా ఆ ఇంటికి దారి లేదు. లక్ష్మునాయుడు నాలుగెప్పుడవుతుందా అని ఎదురు చూశాడు.

మూడు దాటాక హైమ వచ్చింది. ఆసుపత్రిలో నర్సు పని ఆ పిల్లది. డ్యూటీ దిగి వస్తూ గోడ చదివింది. చెప్పులైనా విప్పకుండా తండ్రి ముందుకొచ్చి నిలబడింది.

"గోడ మీదది ఎవరు రాయించారు నాన్నా?"

"నేనే. నీ కోసమే."

"అయితే నా పేరు కూడా వేయించాల్సింది. చిన్నాన్న చేత ఆ మాట చెప్పించింది నేనే కదా."

లక్ష్మునాయుడు కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"వాళ్లు ఉద్యోగం మానెయ్యమన్నారు నాన్నా. నాకిష్టం లేదని నీకు రెండుసార్లు చెప్పాను. ఒకసారి నువ్వు బెల్లం బేరంలో ఉన్నావు. ఇంకోసారి, మాటిచ్చేశాను, ఇప్పుడేటి చెయ్యమంటావే అన్నావు. అందుకే చిన్నాన్న దగ్గరికెళ్లాను. నా పేరు బయటపెట్టొద్దని ఒట్టు పెట్టించుకున్నాను. నువ్వు బజార్లో అన్నన్ని మాటలన్నా చిన్నాన్న బయటపెట్టలేదు."

కోపం దిగడానికి లక్ష్మునాయుడికి ఎంతోసేపు పట్టలేదు. దిగాక కనిపించింది గోడ. పట్టపగలు, మూరెడు మూరెడు అక్షరాలు, పైగా కొమ్ముకు వంపు. గడియారం మూడున్నర దగ్గర ఉంది. ఆయిల్ రంగు వదిలించే టర్పెంటైన్ తెద్దామని కామేశం కొట్టుకు పరుగెత్తాడు. కామేశం మధ్యాహ్నం నిద్రపోతే నాలుగున్నరకు గాని తలుపు తియ్యడు, లోపల్నుంచి గురక మాత్రం ధారాళంగా వినిపిస్తోంది. తిరిగొచ్చి దుప్పట్లు కప్పబోయాడు. కింద నుంచి 'గుమ్మం' తొంగి చూసింది, పక్క నుంచి 'తమ్ముడు' తొంగి చూశాడు. దుప్పటి పట్టుకుని నిలబడ్డ మనిషికి కళ్లలో నీళ్లు తిరిగాయి. యాభై ఏళ్ల సంగతి. ఇంకో పావుగంటలో వాడు వచ్చి ఇది చదువుతాడు. చదివి, అప్పుడూ తలొంచుకునే పోతాడు.

హైమ బిందెతో నీళ్లు తెచ్చింది.

"ఆయిల్ రంగుకి నీళ్లేటి చేస్తాయే?"

"ఏమీ చెయ్యకపోతే గోడ చల్లబడుతుంది. నువ్వు తప్పుకో," అని ఒక్క విసురు విసిరింది.

ముందు 'కాడు' కారిపోయింది. ఎర్రటి నీళ్లు చారలు చారలుగా గోడ దిగి నేల తడిపాయి. 'రామునాయుడు అనువాడు మాకు తమ్ముడు' అని మిగిలింది. లక్ష్మునాయుడు నమ్మలేక గోడకు అరచెయ్యి ఆనించాడు. చెయ్యంతా ఎర్రబడింది. బంకైనా కలపని ఉత్త నీళ్ల రంగు. ఆయిల్ రంగయితే వీధి చివరికి వాసన కొట్టాలి కదా అని అప్పుడు తట్టింది. పొద్దుటి నుంచీ ముక్కుపుటాలు అదరడానికే సరిపోయాయి, వాసన చూసే తీరిక వాటికెక్కడిది. బతుకు జీవుడా అనుకుని పంచె ఎగ్గట్టాడు. ఆ తరువాత తండ్రీకూతుళ్లు ఎన్ని బిందెలు పోశారో ఎవరూ లెక్కపెట్టలేదు. లక్ష్మునాయుడు నవ్వుతూ గోడ కడిగాడని ఎదురింటివాళ్లు ఇప్పటికీ చెప్తారు.

బస్సు దిగి చింతపండు మూటతో రామునాయుడు వచ్చేసరికి గోడ గులాబీ రంగులో ఉంది. అన్నగారు కూడా దాదాపు అదే రంగులో ఉన్నారు.

"గోడేటన్నయ్యా ఇలాగయింది?"

"మాసిపోతే కడిగాను."

"ఎర్రగా మాసిందేటి?"

"నీకెందుకురా అన్నీ? మూట దించి లోపలికి రా. పొద్దుట్నుంచీ నాకు తిండి లేదు, నీతో పాటైనా మీ వదిన వడ్డిస్తాదేమో." అని తనే మూట అందుకుని, లోపలికి నడుస్తూ, వెనక్కి చూడకుండా అన్నాడు. "హైమ అంతా చెప్పేసింది. నేనే తొందరపడ్డానురా."

రామునాయుడు గుమ్మం దాటి వచ్చి పీట వాల్చుకుని కూర్చున్నాడు. గోడ సంగతి బస్సులోనే అతని చెవిన పడిందో లేదో ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పే మనిషి కాదు.

మళ్లీ గురువారం లక్ష్మునాయుడు అందరికంటే ముందే అరుగు మీదికొచ్చాడు. వచ్చీ రాగానే గురువుగారి కాళ్లకు దణ్ణం పెట్టి, పెట్టిన వెంటనే తగవు వేసుకున్నాడు.

"మీరు ఆయిల్ రంగు వేశారనుకున్నానండి."

"ఏది మంచిదని కదా నువ్వడిగావు? మంచిదే వేశాను."

ఈసారి అరుగు ముసిముసిగా కాదు, బాహాటంగానే నవ్వింది. లక్ష్మునాయుడూ నవ్వాడు. నవ్వు తగ్గాక మాత్రం అతని మొహంలో ఇంకో ప్రశ్న మిగిలింది. వారం రోజులుగా అది అతన్ని లోలోపల గీకుతూనే ఉంది.

"గురువుగారండీ, హైమ ఆ మాట చెప్పకపోయుంటే? నా కోపం అలాగే ఉండిపోయి, నేను గోడ కడగకపోయుంటే?"

అడిగిన రోజున జవాబు చెప్పని గురువుగారు ఆ ఒక్కసారికి అలవాటు తప్పారు. అరుగు మీంచి కొంచెం ముందుకు వంగి, చూరు అంచుకు అవతల ఆకాశం కేసి చూశారు.

"మృగశిర కార్తె వానలు ఎంతో దూరం లేవు కదా నాయుడూ," అన్నారు.