వేరే చెయ్యి పడని ద్రాక్షారసం

పూర్వం ఒక రేవుపట్నంలో యూదుల ద్రాక్షారసమంటే బెల్లం పానకమేనని అందరూ నవ్వేవాళ్లు. ఆ మాట అక్కడ ద్రాక్షారసం చేసే నయోమి అనే యూదు స్త్రీకి ముల్లులా గుచ్చుకుంది. తాతల నాటి ఆచారం తప్పకుండానే, బెల్లం మానేసి, బాగా పండిన గుత్తులే ఏరి, రసాన్ని చల్లని నేలమాళిగలో మూడేళ్లు మాగనిచ్చింది. ఒకనాడు రాజుగారి పానశాల అధికారి వీరమల్లప్ప వచ్చి జాడీ మూత తీయబోయాడు.

"అయ్యా, మా మతంవాళ్లే తాకాలి. వేరే చెయ్యి పడితే ఆ రసం మేం తాగం," అని ఆపింది నయోమి. నన్నే అడ్డుకుంటుందా అని అతను వెళ్లి, తన చెయ్యి పడితే ఆ రసం తాగనందని రాజుతో మొరపెట్టుకున్నాడు.

నాలుగో ఏడు నయోమి సభకు జాడీ తెచ్చి తానే పోసిచ్చింది. రాజు లొట్టలు వేశాడు. వెంటనే వీరమల్లప్ప మీసం దువ్వాడు.

"ఈ చేతులతో పళ్లు పిసికి నేనే చేశాను ప్రభూ!"

నయోమి ఇంకో గిన్నెడు వంచుకుని, దేవుణ్ణి స్తుతించి, గటగటా తాగేసింది.

రాజు ఆ పాత మొర గుర్తొచ్చి పకపకా నవ్వాడు. "ఆయన చెయ్యి పడుంటే నువ్విది తాగేదానివే కాదు కదమ్మా!"

"చిత్తం ప్రభూ," అంది నయోమి, ఖాళీ గిన్నె బోర్లిస్తూ. "ఇందులో బెల్లమూ లేదు, ఆయన చెయ్యీ లేదు. అందుకే ఇంత బాగుంది."