ఒక సైజు పెద్ద సైకిల్

పందికొండ కింద జంతువులు వారమంతా ఎవరి పని వాళ్లు చేసుకునేవి. ఎద్దు దున్నేది, గాడిద మూటలు మోసేది, కుందేలు ఇంటింటికీ ఆకుకూరలు వేసి వచ్చేది. ఆదివారం తెల్లారితే మాత్రం అందరూ రేసు సైకిళ్ల మీదే. జీతానికి తొక్కేవాళ్లు ఒక్కరూ లేరు. అంతా సరదాకే. అయినా పందెం దగ్గరికి వచ్చేసరికి ఎవరూ ఎవరికీ తగ్గరు.

మాచమ్మ అనే మేక ఎక్కడో దూరపు మంద నుంచి వచ్చి అక్కడ స్థిరపడింది. తనవాళ్లెవరూ దగ్గర లేరు. కూతురు చిగురుకి గిట్ట బెణికినా, దగ్గొచ్చినా అడగడానికి ఇంట్లో పెద్దదిక్కు లేదు. అందుకని ఏ పనికైనా ఊళ్లో పదిమందిని అడిగేది, వాళ్లు చెప్పినదంతా విని మళ్లీ భయపడేది, ఆ తర్వాతే చేసేది.

చిగురు మాత్రం కొండెక్కడంలో గట్టిది. ఆ యేడు చిన్నవాళ్ల పందెంలో మొదటి ఆరుగురిలో వస్తే కొండ జట్టులో చోటు దొరుకుతుంది. కొమ్ములు జానెడు దాటితే చిన్నవాళ్ల పందెంలో దిగనివ్వరు. చిగురు కొమ్ములు జానెడుకి వేలెడు తక్కువలో ఉన్నాయి. ఇక ఇదే ఆఖరి అవకాశం. పాత సైకిల్ చూస్తే చైను చక్రం పళ్లు అరిగిపోయి, ఎత్తు ఎక్కేటప్పుడల్లా చైను జారిపోతోంది.

తల్లీకూతుళ్లు వరదయ్య కొట్టుకి వెళ్లారు. వరదయ్య నక్క. అతని దగ్గర తోడేలు కోసం చేయించిన పెద్ద సైకిల్ ఒకటి ఉండిపోయింది. తోడేలు ఊరు మారిపోయింది. అంత పొడుగు ఫ్రేము ఇంకెవరికీ సరిపోక రెండేళ్లుగా గోడకి వేలాడుతోంది.

"అక్కా, నీ అదృష్టం. ఒక్కటే మిగిలింది," అన్నాడు వరదయ్య దాన్ని దించుతూ.

మాచమ్మ చుట్టూ తిరిగి చూసింది. "పిల్లకి కాళ్లు నేలకి అందట్లేదేమోనండీ?"

"పెరిగే పిల్ల అక్కా! లంగా కుట్టిస్తే ఒక సైజు పెద్దది కుట్టించవూ? చెప్పులు కొంటే వేలెడు వదులు చూడవూ?"

ఆ మాటతో మాచమ్మ మెత్తబడింది. నిజమే, చిగురుకి ఏది కొన్నా వచ్చే యేడుకి కూడా సరిపోయేలాగే కొంటుంది. జాగ్రత్త గల తల్లులందరూ చేసే పనే అది.

"అమ్మా, హ్యాండిల్ అందాలంటే నేను పడుకోవాల్సి వస్తోంది," అంది చిగురు.

"రేసులో పడుకునే తొక్కుతారు తల్లీ! కూర్చుని తొక్కేది సంతకి వెళ్లేవాళ్లు," అన్నాడు నక్క.

సైకిల్ ఇంటికొచ్చింది. వారం తిరక్కుండానే చిగురుకి మెడ పట్టేసింది. మాచమ్మ కొట్టుకి పరుగెత్తింది.

"సైకిల్ తప్పు కాదక్కా. హ్యాండిల్‌ని పట్టుకునే ఈ ముక్క పొట్టిది వేద్దాం," అన్నాడు వరదయ్య. పొట్టిది వేశాక ముందు చక్రం నిలకడగా ఉండటం మానేసింది. "బరువెక్కువై తూలుతోంది. తేలికపాటి కార్బన్ చక్రాలు వేద్దాం." అవీ వేశారు. సీటు దించారు. దించడానికి ఇంక చోటు లేకపోతే పల్చటి సీటు మార్చారు. మాచమ్మ ఒక్కో భయం పట్టుకెళ్లేది, నక్క ఒక్కో సామాను ఇచ్చి పంపేవాడు. ఆ పూటకి ఆమె మనసు కుదుటపడేది.

మూడు వారాలు చిగురు ఆ బండి మీదే కొండ ఎక్కింది, దిగింది. బ్రేకు పట్టాలంటే సీటు మీంచి ముందుకి జారాలి. ఆ సంగతి అమ్మతో చెప్పలేదు. చెబితే అమ్మ పందెమే మాన్పించేస్తుందని దాని భయం.

పందెం రోజు వచ్చింది. వాలు పైన, బయలుదేరే గీత దగ్గర సైకిళ్లు చూసి పంపేది సాంబయ్య అనే ముసలి ఎద్దు. అక్కడ రెండే పరీక్షలు. బండిని కాళ్ల మధ్య పెట్టుకుని నేల మీద నిలబడగలగాలి. సీటు మీద కూర్చునే బ్రేకు పట్టగలగాలి. ఎలుకైనా ఏనుగైనా అంతే.

చిగురు రెండూ చేయలేకపోయింది.

"దిగమ్మా," అన్నాడు సాంబయ్య. "ఈ బండి మీద పంపను."

"కొత్త బండండీ! చక్రాలు కూడా కొత్తవి!" అంది మాచమ్మ కంగారుగా.

"కనబడుతూనే ఉంది. కానీ పందెం ఈ యేడాదిది. సైకిలేమో వచ్చే యేడాదికి కొన్నావు."

చిగురు ఏడవలేదు. హెల్మెట్ తీసి కొమ్ములు తడుముకుంది. వచ్చే యేడాదికి అవి జానెడు దాటిపోతాయి.

గీత పక్కనే వరదయ్య సామాన్ల బల్ల వేసుకున్నాడు. ఊరంతా వింటోందని గొంతు పెంచాడు. "బండిలో లోపం లేదు సాంబయ్య మామా! పిల్లకి అలవాటు లేదంతే. ఆ బండి మీద ఎవరైనా దూసుకుపోతారు."

మాచమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. నక్క కూతురు బుల్లి బల్ల వెనక బెల్లం ముక్క చప్పరిస్తోంది. అచ్చం చిగురంత ఎత్తు.

"అయితే వరదయ్యగారూ, మీ బుల్లి ఆ మలుపు దాకా దిగి చూపిస్తుందా? చూస్తే మా పిల్లకీ ధైర్యం వస్తుంది."

"నేను తొక్కుతా! నేను తొక్కుతా!" అంటూ బుల్లి గెంతుకుంటూ వచ్చేసింది. అందరూ నక్క వైపు చూశారు. వద్దంటే బండి మంచిది కాదన్నట్టే. అతను నవ్వు మొహం పెట్టుకుని నిలబడ్డాడు. మాచమ్మ బుల్లిని ఎక్కించి వాలు వైపు తిప్పింది. చక్రం ఒక్క చుట్టు తిరిగింది.

"నాన్నా, బ్రేకు అందట్లేదు!"

"ఆపండి!" వరదయ్య బల్లని తన్నుకుంటూ దూకాడు. "దింపండి! పడిపోతుంది! దానికి ఆ బండి చాలా పెద్దది!"

వచ్చి చూస్తే సైకిల్ అప్పటికే ఆగి ఉంది. మాచమ్మ రెండు గిట్టలతో సీటు వెనక బిగించి పట్టుకుంది. అసలు వదల్లేదు.

ఎవరూ నవ్వలేదు. మాచమ్మ బుల్లిని మెల్లగా దించి తండ్రి చేతికి ఇచ్చింది.

"నా పిల్ల మూడు వారాలు ఈ వాలు దిగిందండీ," అంది.

వరదయ్య కూతుర్ని గట్టిగా హత్తుకుని బల్ల పక్కన కూర్చోబెట్టాడు. తర్వాత తన సామాన్ల బండి లోంచి పొట్టి ఫ్రేము ఉన్న ఒక ఉక్కు సైకిల్ దించాడు. కొట్టులో దాన్ని ఎప్పుడూ ముందు వరసలో పెట్టలేదు, దాని మీద లాభం తక్కువ. పెద్దదాని చక్రాలు ఊడదీసి దీనికి తగిలించాడు. చిగురు మోకాలు చూసి సీటు ఎత్తాడు, మోచెయ్యి చూసి హ్యాండిల్ సర్దాడు. అంత శ్రద్ధగా కొలవడం అతనికి వచ్చని ఊరికి అప్పుడే తెలిసింది.

"మామా, ఇంకొంచెంసేపు ఆగుతారా?" అని అడిగాడు తలెత్తకుండా.

"నేను ఎద్దుని రా. నాకు తొందరేముంది?" అన్నాడు సాంబయ్య.

చిగురు నిలబడింది, కూర్చుంది, బ్రేకు పట్టింది. సాంబయ్య తల ఊపాడు. పందెంలో చిగురు వాలు దిగేటప్పుడు మాచమ్మ కళ్లు మూసుకునే ఉంది కాబట్టి ఏమైందో కుందేలు చెబితేనే తెలిసింది. చిగురు ఆరోది. ఏడోవాడు బెత్తెడు వెనక.

మర్నాడు వరదయ్య కొట్టు ముందు పెద్ద వరస. కొనడానికి ఒక్కరూ రాలేదు. "మా పిల్లది కూడా ఒకసారి కొలిచి చూడు" అంటూ అందరూ పాత సైకిళ్లే తోలుకొచ్చారు. అతను చీకటిపడేదాకా ఒంచిన నడుం ఎత్తకుండా కొలుస్తూనే ఉన్నాడు.

నీతి: మన పిల్లని ఎక్కించలేని బండిని ఎదుటివాళ్ల పిల్లకి అమ్మకూడదు.