వాలిన చెవుల కుందేలు

ఒకప్పుడు ఏ కుందేలును చూసినా చెవులు నిక్కపొడుచుకునే ఉండేవి. గాలి మోసుకొచ్చే చిన్న అలికిడి కూడా వాటికి వినబడేది.

పెద్దిరాజు అనే దొర తన తోటలో తడిక కట్టి కుందేళ్ళను పెంచేవాడు. ఒకసారి ఒక పిల్ల చెవులు కిందికి వాలిపోయి పుట్టింది. దొర దాన్ని ఒళ్ళో పెట్టుకుని మురిసిపోయాడు.

"ఎంత అణకువగా ఉందో చూడరా! ఇక నా దొడ్లో ఇలాంటివే ఉండాలి. చెవి గడ్డం దాటి వేలాడాలి. నిలబడ్డ చెవి కనిపిస్తే వంటింటికి పంపెయ్!" అన్నాడు పనివాడు అంకయ్యతో.

అంకయ్య రోజూ వచ్చేవాడు. నిలబడ్డ చెవులు పట్టుకుని ఒక కుందేలును ఎత్తుకుపోయేవాడు. పోయింది మళ్ళీ వచ్చేది కాదు.

బూడిదమ్మ అనే తల్లి కుందేలుకు చిన్న పిల్లలున్నారు. వాళ్ళ చెవులు నెమ్మదిగా పైకి లేస్తుంటే అది భయపడి గాలిని పిలిచింది.

"గాలమ్మా, మా చెవులు వంచెయ్యి తల్లీ."

గాలి ఉలిక్కిపడింది. "పిచ్చిదానా! మీకు కాపలా ఆ చెవులేగా! నక్క వస్తే ఎలా తెలుస్తుందే?"

"నక్క ఎప్పుడో వస్తుంది. అంకయ్య రేపే వస్తాడు."

"ఒకసారి వంచితే మళ్ళీ లేపడం నాకు చేతకాదు" అని, గాలి ఏడుస్తూనే తల్లి చెవుల్నీ పిల్లల చెవుల్నీ కిందికి ఒత్తేసింది.

మర్నాడు దొర చూసి "భలే!" అన్నాడు. వాటికి లేత ముల్లంగి ఆకులు పెట్టించాడు. బూడిదమ్మ హమ్మయ్య అనుకుంది.

వానలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం నక్క తడిక కింద మెత్తటి మట్టి తవ్వింది.

"నక్కే! పారిపోండి!" అని గాలి అరిచింది. వాళ్ళ చెవుల్లో దూరబోయింది. దారి మూసుకుపోయి ఉంది. బూడిదమ్మ గడ్డి నములుతూనే ఉంది.

వెనక్కి తిరిగేసరికి చిన్నకొడుకు నక్క నోట్లో ఉన్నాడు. వాడు "అమ్మా" అని ఎంతసేపు అరిచాడో ఆ తల్లికి తెలియనే లేదు.

పొద్దున దొర వచ్చాడు. మిగిలిన పిల్లల చెవులు పట్టి చూశాడు. "పోతే పోయిందిలే. వీటి చెవులు ఇంకా బాగా వాలాయి!" అని సంబరపడ్డాడు.

బూడిదమ్మ ఆ రోజు ముల్లంగి ఆకు ముట్టలేదు.

అప్పటినుంచే ఆ జాతి కుందేళ్ళ చెవులు బుగ్గల పక్కన వేలాడుతూ ఉంటాయి. చూసినవాళ్ళంతా ముద్దొస్తున్నాయంటారు. వెనకనుంచి వెళ్ళి ముట్టుకుంటే మాత్రం, అవి ఇప్పటికీ అదిరిపడతాయి.